రాత్రంతా బయట ఉండిపోయిన మాంసం పులుసు: మరిగిస్తే సరిపోతుందా?

పొయ్యిగట్టు
నిన్న రాత్రి మా ఇంట్లో పెద్ద తపేలా నిండా మాంసం పులుసు వండారు. వచ్చినవారు వెళ్ళేసరికి సగానికి పైగా మిగిలింది. అంత పెద్ద పాత్ర ఫ్రిజ్‌లో పట్టకపోవడంతో మూత పెట్టి పొయ్యి మీదే ఉంచేశారు. ఉదయం మూత తీసి చూస్తే రంగు మారలేదు, వాసన నిన్నటిలాగే కమ్మగా ఉంది, పైన నురుగు గాని జిగురు గాని కనిపించలేదు. ఒక్క పొంగు రానిస్తే ఏ దోషమూ మిగలదని పెద్దవారు అంటున్నారు. పారబోయాల్సిందేనని మా చెల్లెలు పట్టుబడుతోంది. నాకు తెలియవలసినవి రెండు విషయాలు. వాసన బాగున్నప్పుడు కూర పాడైందని ఎలా అనగలం? మరిగిస్తే క్రిములు చస్తాయన్నది నిజమే అయినప్పుడు అభ్యంతరం ఎందుకు?

గరిటెజాడ
పారబోయండి. వండిన మాంసాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. గదిలో వేడి 32 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ గడువు ఒక గంటే. మీది రాత్రంతా ఉంది కాబట్టి ఇక్కడ చర్చించవలసినదేమీ లేదు.

పాతఇల్లు
గరిటెజాడ గారూ, ఇంత తొందరగా తీర్పు చెప్పడం నాకు సరిగా తోచడం లేదు. మా ఇంట్లో మిగిలిన కూరను పూటపూటకూ మరిగించి మూత పెట్టడం తరతరాల అలవాటు, ఎవరికీ ఏమీ కాలేదు. రెండో రోజు ముక్కకు పులుసు బాగా పట్టి రుచి పెరుగుతుందని ప్రత్యేకంగా దాచుకునేవారు. ఫ్రిజ్‌లు లేని కాలంలో మనుషులు మాంసం తినకుండా ఉన్నారా? వాసన చూసి, గరిటెతో తిప్పి, తీగ సాగుతుందా లేదా గమనించి నిర్ణయించుకునేవారు. వందల రూపాల్లో వచ్చే హెచ్చరికలు చదివి మంచి తిండిని పారేయడం కూడా తప్పే.

సూక్ష్మలోకం
పాతఇల్లు గారు లేవనెత్తినది న్యాయమైన ప్రశ్న. దానికి సూక్ష్మజీవశాస్త్రం బోధించేవాడిగా కాస్త వివరంగా జవాబు ఇస్తాను.

మరిగించినప్పుడు బ్రతికి ఉన్న బ్యాక్టీరియా కణాలు చస్తాయి. అంతవరకు మీ మాట నిజం. అయితే మాంసంలో తరచుగా ఉండే క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా పరిస్థితులు అనుకూలించనప్పుడు దళసరి కవచం గల సిద్ధబీజాలుగా మారుతుంది. ఈ సిద్ధబీజాలు 100 డిగ్రీల మరుగును తట్టుకోగలవు. పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది. పులుసు నెమ్మదిగా చల్లారుతూ 60 డిగ్రీల కిందికి దిగగానే అవి మొలకెత్తి, మామూలు కణాలుగా మారి, విభజన మొదలుపెడతాయి. వాటికి అత్యంత అనువైన వేడి 43 నుంచి 47 డిగ్రీలు. ఆ స్థితిలో ఒక్కొక్క కణం సుమారు పది నిమిషాలకొకసారి రెండవుతుంది. ఆ లెక్కన ఒకే ఒక్క కణం రెండు గంటల్లో 4,096 కణాలవుతుంది, మూడు గంటలకు రెండున్నర లక్షలు దాటుతుంది. మూత పెట్టిన పెద్ద తపేలా మధ్యభాగం ఈ వేడి దగ్గర ఎంతసేపు ఉండిపోతుందో ఆలోచించండి.

వంటపాత్రలో మరిగి గాలి పోయిన చిక్కటి పులుసు వీటికి ఎంతో అనుకూలం, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా ప్రాణవాయువు లేని చోటనే పెరుగుతుంది. పోషకాలు పుష్కలం, పోటీకి వచ్చే ఇతర సూక్ష్మజీవులు మరుగులో చచ్చిపోయాయి, గాలి లేదు. అందుకే మాంసం పులుసులు, కూరలు, గ్రేవీలు పెద్ద మొత్తంలో వండి నిదానంగా చల్లార్చిన సందర్భాలలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక వాసన మాట. ముక్కు పట్టుకోగలిగే చెడ్డ వాసనను, చేతికి తగిలే జిగురును పుట్టించేవి సూడోమోనాస్ వంటి కుళ్ళబెట్టే బ్యాక్టీరియా. జబ్బు చేసేవి వేరు. అవి గ్రాముకు పది లక్షలున్నా రంగు, రుచి, వాసన మారకపోవచ్చు. పొయ్యిగట్టు గారి తపేలా కమ్మగా ఉందంటే కుళ్ళబెట్టేవి ఇంకా రాలేదని మాత్రమే అర్థం.

పాతఇల్లు
సిద్ధబీజాలు బ్రతుకుతాయన్నారు, ఒప్పుకుంటాను. కాని మర్నాడు మళ్ళీ మరిగిస్తున్నాం కదా? అప్పటికి మొలకెత్తిన కణాలు చస్తాయి. మరి మిగిలే ప్రమాదం ఏమిటి?

సూక్ష్మలోకం
బాగా బుడగలు వచ్చేలా, ముక్కల లోపలి వరకు వేడెక్కేలా మరిగిస్తే పెర్ఫ్రింజెన్స్ కణాలు చస్తాయి. అయితే రాత్రంతా బయట ఉన్న పులుసులో అది ఒక్కటే ఉంటుందన్న హామీ ఎవరివ్వగలరు? వడ్డించేటప్పుడు చేతుల నుంచి, తుమ్ముల నుంచి పడే స్టెఫైలోకోకస్ ఆరియస్ కూరలో పెరుగుతూ విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. ఆ బ్యాక్టీరియా మరిగిస్తే చస్తుంది గాని, అది వదిలిన విషం మరుగుకు చెక్కు చెదరదు. బాసిల్లస్ సీరియస్ అనేది మరొకటి. పులుసులో బియ్యం, బంగాళాదుంప వంటి పిండి పదార్థాలు ఉన్నప్పుడు దీని బెడద ఎక్కువ. ఇది తయారుచేసే వాంతుల విషం 121 డిగ్రీల వేడిని గంటన్నర పాటు తట్టుకుంటుంది. ఇంటి పొయ్యి మీద దానిని నాశనం చేసే మార్గమే లేదు.

మరిగించడం వల్ల క్రిములు పోతాయి, అవి చేసి పెట్టిన విషం పోదు. పొయ్యిగట్టు గారి రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

రేయిపూలు
ఎవరికీ ఏమీ కాలేదన్న మాట గురించి ఒక అనుభవం చెబుతాను. ఒకసారి మా బంధువుల కార్యక్రమంలో మధ్యాహ్నం వండిన పులుసును గోరువెచ్చగా మూత కింద ఉంచి రాత్రి భోజనంలో వడ్డించారు. తిన్నంతసేపూ అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. జ్వరం లేదు, వాంతులు లేవు, సాయంత్రానికి తగ్గిపోయింది. నీళ్ళు పడలేదని కొందరు, ప్రయాణపు బడలిక అని కొందరు సరిపెట్టుకున్నారు. పులుసు మాట ఎవరూ ఎత్తలేదు. తరువాత వైద్యులొకరు చెప్పారు, ఇలాంటి జబ్బు తిన్న ఆరు నుంచి ఇరవైనాలుగు గంటలకు మొదలై ఒక రోజులోపే సాధారణంగా తగ్గిపోతుంది కాబట్టి దానికి కారణం ముందటి పూట భోజనమని చాలామందికి తట్టనే తట్టదట. ఏమీ కాలేదనుకునే ఇళ్ళలో చాలావాటిలో ఏదో ఒకటి అయ్యే ఉంటుందని నా నమ్మకం.

పాతఇల్లు
అది ఆలోచించవలసిన మాట. కానీ మా అమ్మమ్మ మరిగించి వదిలేసేది కాదు. నిప్పుల మీద పాత్రను రాత్రంతా ఉంచేది. పొద్దున కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేది. దానినీ తప్పంటారా?

సూక్ష్మలోకం
కాదు, అది పూర్తిగా వేరే పద్ధతి. ఆహారం అంతటా వేడి 60 డిగ్రీలకు తగ్గకుండా నిలబెడితే ఏ హానికర బ్యాక్టీరియా పెరగజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం కూడా ఇదే: వండినది వడ్డించేవరకు 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపుకు చేరాలి. ఈ రెండింటి నడుమ ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. మీ అమ్మమ్మ గారు ఆహారాన్ని ఆ నడిమి మెట్టులోకి దిగనివ్వలేదు. మరిగించి, చల్లార్చి, మళ్ళీ మరిగించే అలవాటు మాత్రం ప్రతి పూటా పులుసును ఆ మెట్టు గుండా రెండు సార్లు నడిపిస్తుంది. పాత పద్ధతులన్నీ తప్పు కావు, అన్నీ ఒకటీ కావు.

చిట్టిచెంచా
ఒక బొట్టు నాలుక మీద వేసుకుని చూస్తే తెలియదా? పులిసి ఉంటే ఉమ్మేయవచ్చు కదా.

గరిటెజాడ
వద్దు. వాసన చెప్పలేనిది రుచి కూడా చెప్పదు. అరుదైనదే అయినా, నరాలను చచ్చుబరిచే బాటులిజం వంటి ఆహార విష జబ్బులో రుచి చూసేంత కొద్దిపాటి ఆహారం కూడా ప్రాణాంతకం కావచ్చు. అనుమానం వచ్చిన ఆహారాన్ని పరీక్షించడానికి నాలుకను ఎప్పుడూ వాడకూడదు.

నూనెతెట్టు
నాదొక సందేహం. మా పులుసు చల్లారాక పైన అంగుళం మందాన కొవ్వు పేరుకుంటుంది. అది మూతలా గాలిని ఆపుతుంది కాబట్టి కింద ఉన్నది పాడవదని విన్నాను. పులుపు, ఉప్పు, కారం కూడా దండిగా వేస్తాం. ఇవన్నీ కలిసి కాపాడవా?

సూక్ష్మలోకం
కొవ్వు పొర గాలిని ఆపుతుందన్నది నిజం. దాని వల్ల బూజు కొంత ఆలస్యంగా వస్తుంది. అయితే నేను పైన చెప్పిన క్లాస్ట్రీడియం జాతికి గాలి లేకపోవడమే కావాలి. మీరు రక్షణ అనుకుంటున్నది దానికి దుప్పటి కప్పినట్టు అవుతుంది, ఎందుకంటే ఆ పొర వేడిని కూడా లోపలే పట్టి ఉంచి చల్లారడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇక పచ్చళ్ళు నిలవ ఉండేది వాటిలోని ఉప్పు, పులుపు చాలా ఎక్కువ మోతాదులో ఉండడం వల్ల. మనిషి గరిటెలతో వడ్డించుకుని తినగలిగే పులుసులో అంత ఉప్పు గాని అంత పులుపు గాని ఉండవు. కారం లెక్కలోకే రాదు.

పొయ్యిగట్టు
అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. పులుసును గట్టి సంచిలో కట్టి, కుక్కలకు, పిల్లులకు అందకుండా మూత ఉన్న చెత్తడబ్బాలో వేశాం. పెద్దవారు కొంచెం నొచ్చుకున్నా, విషం మరుగుకు పోదన్న మాట వారిని ఒప్పించింది. ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇంత పెద్ద తపేలాను రెండు గంటల్లో చల్లార్చడం ఎలా? మధ్యలో చెయ్యి పెట్టలేనంత వేడి అర్ధరాత్రి వరకు ఉంటుంది.

పెద్దవంట
సామూహిక వంటశాలలో చాలాకాలం పనిచేశాను కాబట్టి ఈ భాగం నాకు బాగా తెలుసు. తపేలాను తపేలాగా చల్లార్చాలని చూడకండి. చిక్కటి పులుసులో వేడి మధ్య నుంచి అంచుకు చేరడానికి పట్టే సమయం లోతును బట్టి విపరీతంగా పెరుగుతుంది. లోతు రెట్టింపయితే సమయం రెట్టింపుతో ఆగదు, ఇంచుమించు నాలుగింతలవుతుంది. అందువల్ల చేయవలసిన మొదటి పని పులుసును వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న గిన్నెల్లోకి పంచడం. గిన్నెలో పులుసు మట్టం ఐదు సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. పెద్ద ముక్కలు ఉంటే చిన్నవిగా కోయాలి, ఎముకతో ఉన్న లావు ముక్క లోపల వేడి చాలాసేపు దాగి ఉంటుంది.

పంచడానికి గిన్నెలు చాలకపోతే తపేలాను వంటగది తొట్టిలో పెట్టి చుట్టూ చన్నీళ్ళు పోయండి. నీటి మట్టం పులుసు మట్టం దాకా రావాలి. నీళ్ళు వెచ్చబడగానే మార్చాలి, మంచుగడ్డలు ఉంటే వేయాలి. శుభ్రమైన గరిటెతో కొద్దిసేపటికొకసారి అడుగు నుంచి కలుపుతూ ఉంటే చల్లారే వేగం మీ కళ్ళకే తెలుస్తుంది. ఉత్త నీళ్ళు పులుసులో కలవకుండా జాగ్రత్తపడండి. ముందే తెలిస్తే పులుసును కొంచెం చిక్కగా వండి, చివరలో శుభ్రమైన తాగునీటితో చేసిన మంచుగడ్డలు వేసి పలుచన చేయడం మా వంటశాలలో మామూలు పద్ధతి.

వృత్తి వంటశాలలకు అమెరికా ఆహార నియమావళిలో ఉన్న కొలత ఇది: 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, మొత్తం ఆరు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. మొదటి మెట్టుకు తక్కువ సమయం ఎందుకిచ్చారో సూక్ష్మలోకం గారు చెప్పిన 43 నుంచి 47 డిగ్రీల మాట చదివితే అర్థమవుతుంది. ఆ భాగాన్ని పరుగుపరుగున దాటించాలి.

తెల్లమూత
వేడివేడిగా ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని, పూర్తిగా చల్లారాకే పెట్టాలని మా ఇంట్లో అంటారు. ఆ చల్లారే వరకు ఆగడంలోనే రాత్రి గడిచిపోతోంది.

శీతలం
ఫ్రిజ్‌లు మరమ్మతు చేసే వృత్తి నాది. లోతు తక్కువ గిన్నెలో, ఆవిరి పొగలు తగ్గిన వెచ్చని పులుసు పెట్టినందుకు యంత్రం చెడిపోదు, కొంచెం ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. పెట్టకూడనిది మరుగుతున్న పెద్ద తపేలా. దాని వేడికి పక్కనున్న పాలు, ఇతర పదార్థాలు వెచ్చబడతాయి, పైగా తపేలా మధ్యభాగం ఫ్రిజ్‌లో కూడా గంటల తరబడి వేడిగానే ఉంటుంది. పూర్తిగా చల్లారే వరకు ఆగవలసిన పని లేదు. గిన్నెల మధ్య వేళ్ళు పట్టేంత ఎడం వదలండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మొదట మూతను వదులుగా ఉంచి చల్లబడ్డాక బిగించండి.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చాలామంది ఇళ్ళలో ఫ్రిజ్ చల్లగా ఉందనుకుంటారు గాని కొలిచి చూడరు. లోపల చల్లదనం మార్చే మీటపై కనిపించే ఒకటి, రెండు, మూడు అంకెలు డిగ్రీలు కావు, చల్లదనపు స్థాయిలు మాత్రమే. ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటరు ఉంచి, మధ్య అరలో రాత్రంతా పెట్టి, పొద్దున చూడండి. 4 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండాలి. 8, 9 డిగ్రీలు చూపించే ఫ్రిజ్‌లు నా పనిలో తరచూ తగులుతుంటాయి. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ వదులైనా, గాలి తిరగకుండా అరలు కిక్కిరిసినా అలా జరుగుతుంది. తలుపు అరల్లో చల్లదనం నిలకడగా ఉండదు కాబట్టి మాంసం పులుసును అక్కడ పెట్టకండి.

ఇద్దరుబిడ్డలతల్లి
సరిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాక ఎన్ని రోజులు ఉంచవచ్చు?

గరిటెజాడ
మూడు నుంచి నాలుగు రోజులు. అంతకు మించి అవసరమనుకుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టాలి. నాలుగో రోజు గుర్తొచ్చి ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల పోయిన రోజులు తిరిగి రావు.

ఆదివారంవంట
నేను వారం రోజులు ఉంచి తింటాను. 4 డిగ్రీల దగ్గర సూక్ష్మలోకం గారు చెప్పిన పెర్ఫ్రింజెన్స్ పెరగదు కదా. మూడు రోజుల గడువు అతిజాగ్రత్త అనిపిస్తుంది.

సూక్ష్మలోకం
పెర్ఫ్రింజెన్స్ పెరగదు, నిజమే. లిస్టీరియా పెరుగుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో కూడా నిదానంగా వృద్ధి చెందగల బ్యాక్టీరియా అది. ఆరోగ్యంగా ఉన్నవారిలో చాలామందికి దానివల్ల పెద్ద హాని జరగకపోవచ్చు. గర్భిణులలో మాత్రం గర్భస్రావానికి, మృత శిశు జననానికి కారణం కాగలదు, వృద్ధులలోను, రోగనిరోధక శక్తి తగ్గినవారిలోను మెదడు పొరల వరకు వెళ్ళగలదు. మీరు ఒక్కరే తింటే అది మీ నిర్ణయం. ఇంట్లో వీరిలో ఎవరున్నా మూడు రోజుల గడువును గట్టిగా పాటించండి, తినే ముందు ఆవిరి పొగలు వచ్చేలా వేడిచేయండి.

ఆదివారంవంట
మా ఇంట్లో అత్తగారు ఉన్నారు, వయసు మీద పడినవారు. ఆమె వంతు వరకు ఇకనుంచి మూడు రోజులే పాటిస్తాను. నా వరకు మాత్రం వారం రోజులన్న అభిప్రాయం ఇంకా మారలేదు.

తెల్లమూత
పాడవడం గురించే అడుగుతున్నాను. నిన్న ఫ్రిజ్ నుంచి తీసిన పులుసు గడ్డకట్టి వణుకుతోంది, పైన తెల్లగా పొర ఉంది. పాడైందా? ఏయే గుర్తులు నిజంగా పాడైనట్టు?

పెద్దవంట
అది పాడవడం కాదు. ఎముకలు, కండరాల చుట్టూ ఉండే కొలాజెన్ ఉడికి జెలటిన్‌గా మారుతుంది, చల్లబడితే అది గడ్డకడుతుంది. బాగా ఉడికిన పులుసుకు అది మంచి లక్షణం. తెల్లని పొర కొవ్వు. వేడిచేయగానే రెండూ కరిగిపోతాయి. రంగు కొంచెం ముదరడం, ముక్క పైభాగం ఎండినట్టు ఉండడం కూడా మామూలే. రెండో రోజు మాంసంలో అట్టముక్క వంటి ఒక చప్పని వాసన వస్తుంది, కొవ్వు గాలితో కలిసి మారడం వల్ల వచ్చేది అది. రుచి తగ్గుతుంది గాని ప్రమాదం కాదు.

నిజమైన గుర్తులు వేరు. పొయ్యి మీద పెట్టకుండానే బుడగలు, నురుగు కనిపించడం మొదటిది. డబ్బా మూత ఉబ్బి, తీయగానే గాలి చప్పుడు వచ్చిందంటే లోపల ఏదో పెరుగుతూ వాయువు వదులుతోందని అర్థం. గరిటెతో ఎత్తితే తీగలా సాగడం, ముక్కను వేళ్ళతో పట్టుకుంటే జిగురుగా జారడం, వండినప్పుడు లేని పులిసిన వాసన, కుళ్ళిన గుడ్డు వాసన, పచ్చని లేదా బూడిద రంగు మచ్చలు, బూజు, ఇవి ఉంటే మరో మాట వద్దు. టమాటా వంటి పుల్లని పదార్థం వేసిన పులుసులో సహజమైన పులుపుకు, పులిసిన వాసనకు తేడా పట్టడం కష్టం, అక్కడ తేదీనే నమ్మండి. బూజు ఒక మూలనే ఉందని అంతవరకు తీసేసి మిగతాది తినేవారు ఉన్నారు. పులుసు వంటి తడి పదార్థంలో దాని పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకుతాయి, మొత్తం పారేయాలి.

సూక్ష్మలోకం
పెద్దవంట గారి మాటకు ఒకే ఒక్క చేర్పు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా పారేయాలి. ఏదీ లేనంత మాత్రాన తినవచ్చని కాదు. గుర్తులు లేనప్పుడు చూడవలసినవి గడియారం, థర్మామీటరు, డబ్బా మీద రాసిన తేదీ.

ఇద్దరుబిడ్డలతల్లి
తేదీ రాయడం మొదలుపెట్టాను. కాగితపు పట్టీ అంటించి, వండిన రోజు రాసి, తినవలసిన చివరి రోజు కూడా పక్కనే రాస్తే ఇంట్లో ఎవరు తీసినా అడగనక్కరలేదు. ఇక పిల్లలు స్కూలు నుంచి రాగానే మైక్రోవేవ్‌లో వేడిచేసుకుంటారు. దానితో సరిపోతుందా?

పెద్దవంట
సరిపోతుంది, ఒక షరతు మీద. మైక్రోవేవ్ అంచులను మరిగించి మధ్యను చల్లగా వదిలేస్తుంది. మూత వదులుగా కప్పి, సగంలో ఆపి బాగా కలిపి, మళ్ళీ వేడిచేసి, రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. మధ్యలో 74 డిగ్రీలు రావాలి. పొయ్యి మీదైతే పులుసు అంతటా బుడగలు తెర్లుతూ ఉండాలి. ఎంత తింటారో అంతే విడిగా తీసి వేడిచేయండి, గిన్నె మొత్తాన్ని పూటపూటకూ వేడిచేసి చల్లార్చవద్దు. నిదానంగా వండే విద్యుత్ కుక్కర్‌ను చల్లటి పులుసు వేడిచేయడానికి వాడకూడదు, అది 60 డిగ్రీలు దాటడానికే గంటలు తీసుకుంటుంది. నిన్నటి మిగులును ఈ రోజు కొత్తగా వండినదానిలో కలపడం కూడా మానుకోవాలి, కలిపితే మొత్తం పాత్ర వయసు నిన్నటిదే అవుతుంది.

చిట్టిచెంచా
కరెంటు పోతే?

శీతలం
తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. ఫ్రిజ్ విభాగంలో కరెంటు లేకుండా నాలుగు గంటలు దాటితే మాంసం పులుసును పారేయాలి. ఫ్రీజర్‌లో ఉన్నదానిలో ఇంకా మంచు పలుకులు కనిపిస్తే తిరిగి గడ్డకట్టించవచ్చు.

రేయిపూలు
ఎంత జాగ్రత్తపడినా ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేయాలో కూడా ఇక్కడ ఉండాలి. పోయిన నీటిని, లవణాలను ఓఆర్‌ఎస్‌తో కొద్దికొద్దిగా, తరచుగా భర్తీ చేస్తూ ఉండాలి. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, తాగిన నీరు కూడా నిలవనంతగా వాంతులవుతున్నా, విరేచనాలు మూడు రోజులు దాటినా, మూత్రం బాగా తగ్గినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. చూపు మసకబారడం, మాట తడబడడం, మింగలేకపోవడం బాటులిజం లక్షణాలు. అవి కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో లక్షణాలు ముదిరే వరకు ఎదురుచూడవద్దు.

నూనెతెట్టు
ఫ్రీజర్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఎంతకాలం ఉంచవచ్చు? తీసి కరిగించాక మిగిలితే మళ్ళీ గడ్డకట్టించవచ్చా?

పెద్దవంట
మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగదు కాబట్టి భద్రత వరకు కాలపరిమితి లేదు. అయితే గడ్డకట్టించడం వాటిని చంపదు, ఆపి ఉంచుతుంది, అంతే. రుచి బాగుండాలంటే రెండు, మూడు నెలల్లో వాడుకోండి. ఒక పూటకు సరిపడే పరిమాణంలో చదునుగా నింపితే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కనుక డబ్బా పైన రెండు వేళ్ళ ఖాళీ వదలండి. బంగాళాదుంప ముక్కలు కరిగాక పిండిపిండిగా, పలుకుపలుకుగా అవుతాయి, వాటిని ముందే తీసేసి తినే రోజు కొత్తవి వేసుకోవడం మేలు. ముక్కల మీద తెల్లగా ఎండిన మచ్చలు వస్తే అది ఫ్రీజర్‌లో తేమ పోయినందువల్ల, పాడవడం వల్ల కాదు.

కరిగించడం ఎప్పుడూ ఫ్రిజ్ లోపలే జరగాలి, ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చాలి. తొందరగా కావాలంటే గడ్డను నేరుగా గిన్నెలో వేసి సన్నని సెగ మీద మొదలుపెట్టి మరిగించవచ్చు, మైక్రోవేవ్‌లో కరిగించి వెంటనే వేడిచేయవచ్చు. వంటగది గట్టు మీద పొద్దున పెట్టి మధ్యాహ్నానికి కరుగుతుందిలే అనుకోవద్దు, లోపల గడ్డ ఉండగానే పైభాగం గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. ఫ్రిజ్‌లో కరిగినదైతే వేడిచేయకపోయినా తిరిగి గడ్డకట్టించవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. బయట రెండు గంటలు దాటినదాన్ని మాత్రం తిరిగి పెట్టకూడదు.

పాతఇల్లు
పెద్దవంట గారూ, ఐదు సెంటీమీటర్ల లోతు గల వెడల్పు గిన్నెలు స్టీలువి మేలా, గాజువి మేలా?

పెద్దవంట
చల్లార్చడానికి స్టీలు మేలు, వేడిని త్వరగా వదులుతుంది. గాజు గిన్నెను వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళలో పెడితే పగలవచ్చు. పుల్లని పులుసును అల్యూమినియం పాత్రలో రోజుల తరబడి నిలవ ఉంచవద్దు, పులుపు లోహాన్ని తింటుంది.

పాతఇల్లు
స్టీలువే తీసుకుంటాను.